జీడి రైతుల కంపెనీ నడపడానికి ఏ పుస్తకాలు, ఏ వరుసలో?

ముందు ప్రశ్న: “బీకాం చదివాను. పలాస దగ్గర జీడి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీలో ఇటీవలే సీఈవోగా చేరాను. ఆర్థికశాస్త్రం, ప్రపంచ అభివృద్ధి, సంస్థల నాయకత్వం మీద తప్పక చదవాల్సిన పుస్తకాలేమిటి? ఇంగ్లిషు నెమ్మదిగా చదువుతాను. బోర్డు సభ్యుల చేత కూడా ఏదైనా చదివించాలని ఉంది.”

మీరు మూడు అరలు గీసుకుని అడిగారు. అందులో మూడోది, అంటే నాయకత్వం అర, ప్రస్తుతానికి తెరవకండి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో సహకార సంఘాలకు అప్పులిచ్చే పనిలో, వాళ్ల లెక్కలు చూసే పనిలో నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఆ అనుభవంతో చెబుతున్నాను. విమానాశ్రయాల్లోనూ రైల్వే స్టేషన్లలోనూ అమ్మే నాయకత్వ పుస్తకాలు దాదాపు అన్నీ ఒకే రకం సంస్థను ఊహించుకుని రాసినవి. అక్కడ యజమాని ఒకడుంటాడు. అతనికి నచ్చినవాళ్లను తీసుకుంటాడు, నచ్చకపోతే పంపేస్తాడు, జీతం పెంచి దారికి తెచ్చుకుంటాడు. మీ దగ్గర ఆ మూడూ కుదరవు. మీ కంపెనీలో రైతులే యజమానులు. వ్యక్తులే సభ్యులుగా ఉన్న కంపెనీలో ఎవరికెన్ని వాటాలున్నా ఒక మనిషికి ఒకటే ఓటు. వాళ్లు ఎన్నుకున్న 5 నుంచి 15 మంది డైరెక్టర్లు మిమ్మల్ని నియమించారు. ఐదు బస్తాల రైతు, యాభై బస్తాల రైతు ఒకే బల్ల మీద చెయ్యెత్తుతారు. మీరు వాళ్లను తీసేయలేరు. వాళ్లు మాత్రం ఏప్రిల్‌లో, ఒక్క మాట కూడా అనకుండా, జీడి పిక్కలను పక్క వ్యాపారి కాటాకు తోలుకుపోగలరు.

అందుకే మీకు నాయకత్వమంటే నేరుగా ఆర్థికశాస్త్రమే. ఎవరు పెట్టుబడి పెడుతున్నారు, ఎవరు లాభం అందుకుంటున్నారు, కాటాను ఎవరు చూస్తున్నారు, ఎవరు జారుకుంటున్నారు. ఈ నాలుగూ అర్థమైతే ఉపన్యాసాలు రాకపోయినా సంస్థ నడుస్తుంది. నేను చెప్పే వరుస దీన్నిబట్టే ఉంటుంది. పుస్తకాల దుకాణంలో ఏ అరలో పెట్టారన్నది చూడొద్దు.

మొదటి పుస్తకం ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో ప్రచురించిన ‘ఎగ్జిట్, వాయిస్, అండ్ లాయల్టీ’. సన్నని పుస్తకం. ఆలోచన నైజీరియా రైల్వేల దగ్గర మొదలైంది. అక్కడ రైళ్లు అధ్వానంగా నడుస్తున్నాయి, పక్కనే లారీలు సరుకు మోస్తున్నాయి. పోటీ ఉంటే రైల్వే బాగుపడాలని ఎవరైనా అనుకుంటారు. జరిగింది వేరు. సరుకు సకాలంలో చేరాలని పట్టుబట్టే వ్యాపారులే ముందు లారీలకు మారిపోయారు. గొడవ పెట్టగలిగినవాళ్లు, అధికారుల మీద ఒత్తిడి తేగలిగినవాళ్లు వాళ్లే. వాళ్లు వెళ్లిపోయాక రైల్వేను నిలదీసేవాడే లేకుండా పోయాడు. ప్రభుత్వం ఎలాగూ నష్టం భరిస్తుంది కాబట్టి ఖాతాదారు పోయినా అధికారికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

దీన్ని తీసుకెళ్లి మీ కాటా దగ్గర పెట్టండి. వేసవిలో దళారి తోట దగ్గరికే వచ్చి కిలోకు రెండు రూపాయలు ఎక్కువ ఇస్తానంటాడు. ఎవరికి ఇస్తానంటాడు? పిక్క బరువుగా, ఎండి, మచ్చ లేకుండా ఉన్నవాడికే. ముందు జారుకునేది మీ మంచి రైతు. మీకు మిగిలేది తడి పిక్క, గుల్ల పిక్క. ఆ సరుకుతో మీ పప్పు దిగుబడి తగ్గుతుంది, వచ్చే ఏడాది మీరు ఇవ్వగలిగే ధరా తగ్గుతుంది, అప్పుడు ఇంకొందరు వెళ్తారు. పైగా సర్వసభ్య సమావేశంలో లేచి ‘ఈ గోనెసంచుల ఖర్చు ఇంతెందుకైంది’ అని అడగగలిగింది కూడా ఆ మంచి రైతే. అతను పోతే సరుకు పోయింది, ప్రశ్న కూడా పోయింది. సమావేశం ప్రశాంతంగా జరిగిందని మినిట్స్‌లో రాసుకునే సంస్థలు నేను చాలా చూశాను. వాటి బ్యాలెన్స్ షీట్లు అంత ప్రశాంతంగా ఉండేవి కావు.

విధేయత గురించి హిర్ష్‌మన్ చెప్పేది మీకు మరీ ముఖ్యం. సభ్యుడికి సంస్థ మీద కొంత మమకారం ఉంటే అతను వెంటనే వెళ్లిపోడు, ముందు నోరు విప్పి చెబుతాడు. తప్పు దిద్దుకోవడానికి ఆ కాస్త వ్యవధే మీకు దొరికేది. ఆ వ్యవధిని ఊరికే సంపాదించలేరు. ఇక్కడ చట్టమే మీకొక పనిముట్టు ఇచ్చింది. ఉత్పత్తిదారుల కంపెనీలు వై.కె. అలఘ్ కమిటీ సిఫార్సుల ఆధారంగా, 2002 సవరణతో కంపెనీల చట్టంలోకి వచ్చాయి. ఆ నిబంధనల్లో ‘నిలిపి ఉంచిన ధర’ అనే ఏర్పాటు ఉంది. సరుకు తెచ్చిన రోజు బోర్డు నిర్ణయించిన ధర ఇస్తారు, మిగిలినది తర్వాత నగదుగా గానీ వాటాలుగా గానీ చెల్లించవచ్చు. ఇది కాక, ఎవరెంత సరుకు ఇచ్చారో ఆ నిష్పత్తిలో బోనస్ పంచవచ్చు. దళారి రెండు రూపాయలు ఈ రోజు చూపిస్తాడు, మీరు మూడు రూపాయలు దసరాకు చూపించాలి. ఒక్కసారి మాట తప్పారో, రెండోసారి ఎవరూ ఆగరు. హిర్ష్‌మన్ చదివాక మీ కంపెనీ నియమావళి మళ్లీ చదవండి, ఆ క్లాజులు వేరేగా కనబడతాయి.

అయితే వెళ్లిపోయే స్వేచ్ఛ అందరికీ ఉండదు. అడ్వాన్సు తీసుకున్న రైతు పిక్కలు వ్యాపారికే పోయాలి. మీ ధర ఎక్కువైనా మీ దగ్గరికి రాలేడు. ఈ సంగతి అర్థం కావాలంటే ఇంగ్లిషు పుస్తకం అక్కర్లేదు, కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ చదవండి. 1960ల కథ. మన జిల్లా పల్లె. ఊరికి రోడ్డు వచ్చింది, బడి వచ్చింది, పెద్దమనిషి పేరు మోగిపోయింది. అదే ఊళ్లో అప్పల్రాముడి అప్పు పెరుగుతూ పోయింది, భూమి పోయింది. పంచాయితీలో పెద్దలు అన్నీ ధర్మబద్ధంగానే మాట్లాడతారు, లెక్క కూడా సరిగ్గానే ఉంటుంది, ఆ సరైన లెక్కే ఒక కుటుంబాన్ని మింగేస్తుంది. ముగింపు తెలియకుండా చదవండి, నేను చెప్పను. అభివృద్ధి ఎవరి ఖాతాలో జమ అవుతుంది, ఎవరి ఖాతాలో ఖర్చు పడుతుంది అన్న ప్రశ్నను ఇంత సూటిగా అడిగిన అర్థశాస్త్ర గ్రంథాలు తక్కువ. శ్రీకాకుళంలో ఆయన నెలకొల్పిన కథానిలయం ఉంది. కథ దొరకలేదనే వంక మన జిల్లావాళ్లకు చెల్లదు.

రెండో పెద్ద పుస్తకం ఎలినార్ ఆస్ట్రమ్ ‘గవర్నింగ్ ద కామన్స్’, 1990. ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆమె, 2009లో. ఉమ్మడి ఆస్తి అంటే ఎవడికి వాడు దోచుకుని పాడుచేస్తాడు, కాబట్టి ప్రభుత్వమైనా పట్టుకోవాలి, ప్రైవేటుకైనా అప్పగించాలి అని పుస్తకాలు బోధిస్తున్న రోజుల్లో ఆమె మూడో దారి ఉందని చూపించింది. స్విట్జర్లాండ్ కొండ పచ్చికలు, స్పెయిన్ కాలువలు, ఫిలిప్పీన్స్ సాగునీటి సంఘాలు, జపాన్ గ్రామాల అడవులు. కొన్ని వందల ఏళ్లుగా జనమే నడుపుకుంటున్నవి.

అందులో టర్కీ తీరంలోని అలాన్యా జాలర్ల కథ ఒక్కటి విడమరిచి చెబుతాను. వేట స్థలాల్లో కొన్ని మంచివి, కొన్ని నాసివి. మంచి చోటు కోసం పడవల మధ్య కొట్లాటలు జరిగేవి. 1970లలో వాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఏటా సెప్టెంబరులో లైసెన్సున్న జాలర్ల జాబితా రాస్తారు. వేట స్థలాలన్నిటికీ పేర్లు పెట్టి మరో జాబితా రాస్తారు. ఒక చోట వేసిన వల పక్క చోటికి వెళ్లే చేపను ఆపనంత దూరంలో ఆ స్థలాలు ఉంటాయి. చీటీలు తీస్తారు. సెప్టెంబరు నుంచి జనవరి దాకా ప్రతి పడవా రోజుకో చోటు చొప్పున తూర్పుకు జరుగుతుంది. జనవరి తర్వాత పడమరకు జరుగుతుంది. చేపలు వలస పోయే దారినిబట్టి అందరికీ సమానంగా అవకాశం రావాలని ఆ ఏర్పాటు. కాపలా ఎవరు? వేరే ఎవరూ అక్కర్లేదు. ఈ రోజు మంచి చోటు ఎవడి వంతో వాడు తెల్లవారకముందే అక్కడుంటాడు. ఇంకొకడు వచ్చాడా, వాడే పట్టుకుంటాడు, మిగతా జాలర్లు వాడి పక్షాన నిలబడతారు, ఎందుకంటే రేపు వాళ్ల వంతు వస్తుంది.

ఈ రెండు పేజీలూ భావనపాడు తీరంలో ఏ జాలరికి చదివి వినిపించినా తలూపుతాడు. మీకు అందులో ఉన్న పాఠం కాపలా ఖర్చు గురించి. మీ గోదాములో తేమ చూసేది, కాటా చూసేది ఒక్క ఉద్యోగి అయితే వాడి మీద మరొకడిని పెట్టాలి, వాడి మీద ఇంకొకడిని. సరుకు పోసే రైతే పక్క రైతు సరుకు కోత పరీక్ష (కొన్ని పిక్కలు కోసి లోపలి పప్పు చూడటం) చూసే ఏర్పాటు చేస్తే ఆ ఖర్చు పోతుంది. ఆస్ట్రమ్ ఇచ్చిన ఎనిమిది సూత్రాల్లో మరొకటి గుర్తుపెట్టుకోండి. శిక్ష మెట్లు మెట్లుగా ఉండాలి. తడి పిక్క కలిపినవాడికి మొదటిసారి నలుగురిలో చిన్న జరిమానా చాలు. మొదటి తప్పుకే సభ్యత్వం రద్దు అని నియమం రాస్తే ఎవరూ అమలు చేయరు. అమలు కాని నియమం ఉండటం కంటే లేకపోవడమే నయం.

ఆస్ట్రమ్ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి, సిద్ధాంతంలో కూరుకుపోతారు. మొదటి అధ్యాయంలో అలాన్యా ఉన్న పేజీలు, తర్వాత దీర్ఘకాలం నిలిచిన సంస్థలున్న మూడో అధ్యాయం, ఆ తర్వాత విఫలమైన ఉదాహరణలున్న ఐదో అధ్యాయం. సిద్ధాంతం చివరికి చదివితే నోటికి రుచిగా ఉంటుంది.

దీనికి తోడుగా రాబర్ట్ వేడ్ 1988లో వేసిన ‘విలేజ్ రిపబ్లిక్స్’. ఇది మన తెలుగు పల్లెల గురించే, కర్నూలు ప్రాంతపు కాలువ కింది గ్రామాలు. కొన్ని ఊళ్లు సొంతంగా నిధి పెట్టుకుని, నీళ్లు కట్టేవాళ్లను, పొలం కావలివాళ్లను జీతమిచ్చి పెట్టుకున్నాయి. పక్క ఊళ్లు ఏమీ చేసుకోలేదు. తేడా ఎందుకు? మంచి పెద్దమనిషి ఉండటం వల్లనో, కులం కలిసిరావడం వల్లనో అని మనం అనుకుంటాం. వేడ్ తేల్చింది వేరు. కాలువ చివరన ఉండి నీటి గండం ఎక్కువున్న ఊళ్లే కూడబలుక్కున్నాయి. కలవకపోతే నష్టం భారీగా ఉన్నచోటే జనం కలుస్తారు. వంశధార ఆయకట్టు చివరి ఊళ్లు తెలిసినవారికి ఈ మాట కొత్త కాదు. కొత్త కంపెనీకి సభ్యులను చేర్చుకునేటప్పుడు నేనైతే ఇదే చూస్తాను. ఎవరికి ఎక్కువ నొప్పి ఉంది? రోడ్డు పక్క రైతుకా, వ్యాపారి లారీ రాని లోపలి ఊరి రైతుకా?

ఇక అమూల్ పాల సంఘాన్ని నడిపించిన వర్ఘీస్ కురియన్ ఆత్మకథ ‘ఐ టూ హ్యాడ్ ఎ డ్రీమ్’. ఇంగ్లిషు తేలిక, కథ వేగంగా పోతుంది, కాబట్టి నెమ్మదిగా చదివేవాళ్లు దీనితో మొదలుపెట్టినా తప్పు లేదు. 1946లో గుజరాత్‌లోని ఖేడా రైతులు పదిహేను రోజులు పాలు పోయడం మానేసి, వ్యాపారి గుత్తాధిపత్యం మీద తిరగబడి సంఘం పెట్టుకున్నారు. కురియన్ ఆనంద్‌లో అడుగుపెట్టింది 1949లో, అది కూడా ప్రభుత్వానికి రాసిచ్చిన బాండు తీర్చుకోవడానికి. గేదె పాలతో పొడి చేయలేమని విదేశీ నిపుణులన్నారు, దలాయా అనే సహచరుడు చేసి చూపించాడు. చదువుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. అలా పులకరించినప్పుడే జాగ్రత్తగా ఉండాలి. గెలిచినవాడు చెప్పుకున్న కథ అది. అంతకంటే ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. పాలు రోజుకు రెండు పూటలా పోస్తారు. సభ్యురాలు రోజూ సంఘం ముఖం చూస్తుంది, కొలత చూస్తుంది, వెన్న శాతం చూస్తుంది, డబ్బు చూస్తుంది. జీడి ఏడాదికి ఒక పంట. మార్చి నుంచి మే దాకా మీ ముఖం కనబడుతుంది, తర్వాత తొమ్మిది నెలలు కనబడదు. అమూల్ నమూనాను అలాగే దించితే ఈ తొమ్మిది నెలల దగ్గర చతికిలబడుతుంది. ఆ ఖాళీలో ఎరువులో, అంటుమొక్కలో, గోనెసంచులో, ఏదో ఒక లావాదేవీ మీరు పెట్టుకోవాలి. కురియన్ పుస్తకంలో ఇది దొరకదు, చదువుతూ మీకు మీరే అడగాల్సిన ప్రశ్న ఇది.

ఇప్పుడు ప్రపంచ అభివృద్ధి. ఇక్కడ మీకున్నంత అదృష్టం చాలామందికి లేదు, ఎందుకంటే మీ సరుకే ప్రపంచమంతా తిరుగుతుంది. పలాసలో జీడి బేరం ఎనభై కిలోల బస్తా లెక్కన సాగుతుంది కదా. పశ్చిమాఫ్రికా పిక్కల అంతర్జాతీయ వ్యాపారంలోనూ నాణ్యతను అదే ఎనభై కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు వస్తుందన్న లెక్కలోనే చెప్పుకుంటారు. కిలో పిక్కలు తీసుకుని కోస్తారు. మంచి పప్పు ఒక కుప్ప, మచ్చ పప్పు ఒక కుప్ప, పనికిరానిది ఒక కుప్ప పెట్టి తూస్తారు. మచ్చ పప్పును సగమే లెక్కలోకి తీసుకుని బస్తాకు పౌండ్లు కడతారు. మీ కోత పరీక్ష రిజిస్టరులో ఈ లెక్క ఒక గడిగా ఇప్పటి నుంచే పెట్టండి. ఉద్దానం (పలాస చుట్టుపక్కల తోటల ప్రాంతం) పిక్క, ఐవరీ కోస్ట్ పిక్క పక్కపక్కన నిలబడితే మీ బేరం మారుతుంది. ముడి పిక్కల ఉత్పత్తిలో ఐవరీ కోస్ట్‌ది పెద్ద చేయి, పప్పు ఎగుమతిలో వియత్నాంది. పలాసలో ధర పడిపోయిందని రైతు మిమ్మల్ని నిలదీసినప్పుడు కారణం ఆబిజాన్ రేవులోనో హోచిమిన్ నగరంలోనో ఉండవచ్చు.

ఒకే వస్తువును పట్టుకుని లోకమంతా తిరిగే పద్ధతికి నమూనా పియెట్రా రివోలీ పుస్తకం ‘ద ట్రావెల్స్ ఆఫ్ ఎ టీ-షర్ట్ ఇన్ ద గ్లోబల్ ఎకానమీ’, 2005. టెక్సాస్ పత్తి చేను, షాంఘై ఫ్యాక్టరీ, అమెరికా దిగుమతి కోటాల రాజకీయం, చివరికి టాంజానియాలో పాత బట్టల బజారు. స్వేచ్ఛా వాణిజ్యం గొప్పదని నమ్మే ఆచార్యురాలు ఆమె. వెతుక్కుంటూ పోతే ప్రతి మజిలీలోనూ మార్కెట్ కంటే రాజకీయమే ఎక్కువ కనబడిందని నిజాయితీగా రాసింది. పుస్తకంలో నాకు నచ్చింది అదే.

ఇక మీరు తప్పక చదవాల్సిన పరిశోధనా పత్రం ఒకటుంది. మార్గరెట్ మెక్‌మిలన్, డాని రోడ్రిక్, కారెన్ వెల్చ్ కలిసి మొజాంబిక్ జీడి మీద రాశారు. 1990లలో ప్రపంచ బ్యాంకు ఆ దేశానికి ఒక షరతు పెట్టింది, ముడి పిక్కల ఎగుమతి మీద ఆంక్షలు సడలించమని. వాదన పైకి చక్కగానే ఉంది. ఎగుమతి పన్ను వల్ల రైతుకు ధర తక్కువ వస్తోంది, ఆ డబ్బు సామర్థ్యం లేని పప్పు ఫ్యాక్టరీలకు పోతోంది, పన్ను తీస్తే పేద రైతు బాగుపడతాడు. సడలించారు. పిక్కలు ఓడలెక్కాయి. ఫ్యాక్టరీలు మూతబడ్డాయి, వేల మంది కూలీలు వీధిన పడ్డారు. రైతుకు? పెరిగిన ధరలో పెద్ద వాటా మధ్యలో ఎగుమతిదారులకు, వ్యాపారులకు పోయింది. సగటు జీడి రైతు కుటుంబానికి ఏడాదికి దక్కింది ఐదు డాలర్ల పైచిలుకేనని వాళ్ల లెక్క. ఆ విధానం నాలుగు రోజులు నిలుస్తుందన్న నమ్మకం లేక రైతులు కొత్త చెట్లూ పెట్టలేదు.

మనం చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఆ ఓడలు వచ్చింది ఎక్కడికి? భారతదేశానికి. మొజాంబిక్ ముడి పిక్కలకు ఆ రోజుల్లో దాదాపు ఏకైక కొనుగోలుదారు మన దేశమే. అంటే అక్కడ ఫ్యాక్టరీ మూత, ఇక్కడ ఫ్యాక్టరీకి సరుకు. ఇప్పుడు అదే దిగుమతి పిక్క ఉద్దానం రైతు ధరను కిందికి లాగుతోందని మనం బాధపడుతున్నాం. పలాసలో పప్పు ఒలిచే మహిళకు దిగుమతి పిక్క అంటే వర్షాకాలంలో కూడా పని. తోట ఉన్న రైతుకు అదే పిక్క శత్రువు. మీ సభ్యుల్లో కొన్ని ఇళ్లలో ఈ ఇద్దరూ ఒకే కంచంలో తింటారు. దిగుమతి సుంకం పెంచాలా తగ్గించాలా అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పేవాడిని నమ్మకండి.

ఈ పత్రం చదివాక జెఫ్రీ శాక్స్ ‘ది ఎండ్ ఆఫ్ పావర్టీ’, దానికి జవాబులాంటి విలియం ఈస్టర్లీ ‘ద వైట్ మ్యాన్స్ బర్డెన్’ చదవాలా? ఒకాయన సాయం పెంచితే పేదరికం పోతుందంటాడు, మరొకాయన పైనుంచి వచ్చే పథకాలు ఎందుకు పనిచేయవో చెబుతాడు. వాదన తెలిస్తే చాలు, రెండు పుస్తకాలూ పూర్తిగా అక్కర్లేదు. ఏస్‌మోగ్లూ, రాబిన్సన్‌ల ‘వై నేషన్స్ ఫెయిల్’ (2012) చదవడానికి హుషారుగా ఉంటుంది. వాళ్లకు, సైమన్ జాన్సన్‌కు కలిపి 2024లో నోబెల్ కూడా వచ్చింది. నాకున్న అభ్యంతరమేమిటంటే, దేశాల గెలుపోటములకు వ్యవస్థలే కారణమనే ఒకే తాళంచెవితో అన్ని తలుపులూ తీస్తారు. దానికి బదులు, లేదా దానితోపాటు, అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ 2005లో రాసిన పత్రం చూడండి. బ్రిటిష్ కాలంలో జమీందారీ ఉన్న జిల్లాలనూ రైతు నేరుగా శిస్తు కట్టిన జిల్లాలనూ పోల్చి, జమీందారీ పోయిన దశాబ్దాల తర్వాత కూడా మొదటి రకం జిల్లాల్లో సాగు పెట్టుబడి, దిగుబడి వెనకబడే ఉన్నాయని చూపించారు. విజయనగరం, బొబ్బిలి సంస్థానాల నేల మీద పుట్టినవాళ్లకు ఇది దూరపు చరిత్ర కాదు.

పేదరికం మీద రెండే చెబుతాను. అమర్త్య సేన్ ‘పావర్టీ అండ్ ఫామిన్స్’, 1981. బెంగాల్‌లో 1943 కరువు తిండి లేక రాలేదని, తిండి కొనే శక్తి పోవడం వల్ల వచ్చిందని లెక్కలతో వాదించాడు. ఆ ఏడాది తలసరి ధాన్యం 1941 కంటే ఎక్కువే ఉందని ఆయన అంచనా. చచ్చిపోయింది కూలీలు, జాలర్లు. వాళ్లు అమ్ముకునే దానికీ బియ్యానికీ మధ్య మారకం కుప్పకూలింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం తోటలను పడగొట్టినప్పుడు మనం చూసింది ఇదే చట్రంలో ఆలోచించండి. బియ్యం లారీలు కొద్ది రోజుల్లో వచ్చాయి. కొబ్బరి, జీడి చెట్టు మళ్లీ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అన్నేళ్లూ తోట కూలి లేదు. సాయం లెక్కలు బియ్యం చుట్టూ, చెట్ల చుట్టూ తిరుగుతాయి, కూలి మనిషి అందులో కనబడడు. పుస్తకం వెనకాల ఉన్న గణిత అనుబంధాలు వదిలేయండి.

రెండోది బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ‘పూర్ ఎకనామిక్స్’, 2011. ఉదయపూర్ పల్లెల్లో పిల్లలకు టీకా వేయించిన ప్రతిసారీ కిలో పప్పు, అన్నీ పూర్తయ్యాక స్టీలు కంచాలు ఇస్తే టీకాలు ఎన్నో రెట్లు పెరిగాయన్న కథ అందరూ చెబుతారు. మీరు చిన్నరుణాల అధ్యాయం ముందు తెరవండి. హైదరాబాద్ బస్తీల్లో చేసిన పరిశీలన అది. అప్పు దొరికినచోట కొందరు చిన్న వ్యాపారాలు పెట్టారు, కొందరు ఇంట్లోకి వస్తువులు కొన్నారు, కానీ ఆడవాళ్ల జీవితాలు మలుపు తిరిగాయనే ప్రచారానికి ఆధారం దొరకలేదు. 2010లో మన రాష్ట్రంలో సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్స్ వచ్చిన రోజులు చూసినవాడిగా నాకా అధ్యాయం చాలా నచ్చింది, ఎందుకంటే అది చిన్నరుణాన్ని అటు దేవుణ్నీ చేయదు, ఇటు దెయ్యాన్నీ చేయదు. పేదవాళ్ల జీవితం కొలతల్లో కాకుండా కళ్లకు కట్టినట్టు కావాలంటే పి. సాయినాథ్ ‘ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్’ (1996) ఉంది. అందులోని కోరాపుట్, మల్కన్‌గిరి మన సరిహద్దుకు ఆవలే.

మూసేయమన్న అర ఇప్పుడు కొద్దిగా తెరుద్దాం. జిమ్ కాలిన్స్ ‘గుడ్ టు గ్రేట్’ (2001) మీకు ఎవరో ఒకరు బహుమతిగా ఇచ్చే ఉంటారు. పదకొండు గొప్ప కంపెనీలను ఏరి వాటి గొప్పతనపు రహస్యం చెప్పిన పుస్తకం. ఆ పదకొండులో ఎలక్ట్రానిక్స్ దుకాణాల సంస్థ సర్క్యూట్ సిటీ 2008లో దివాలా పిటిషన్ వేసి మరుసటి ఏడాది మూతబడింది. ఇంటి రుణాల సంస్థ ఫ్యానీ మేను అదే 2008లో అమెరికా ప్రభుత్వం తన అజమాయిషీలోకి తీసుకోవాల్సి వచ్చింది. అందుకే దానితోపాటు ఫిల్ రోజెన్‌జ్వైగ్ ‘ద హేలో ఎఫెక్ట్’ (2007) చదవండి. లాభాలొచ్చినప్పుడు ‘దూరదృష్టి’ అని పొగిడిన పనినే నష్టాలొచ్చాక ‘మొండితనం’ అని పత్రికలు ఎలా తిట్టాయో వరుసగా చూపిస్తాడు. ఇది చదివినవాళ్లు విజయగాథల పుస్తకాలకు డబ్బు తగలేయరు, ఆ లెక్కన ఖరీదు తిరిగొచ్చినట్టే.

పనికొచ్చేవి రెండున్నాయి. పీటర్ డ్రకర్ ‘ది ఎఫెక్టివ్ ఎగ్జిక్యూటివ్’ (1967) మొదట చెప్పేది మీ సమయం ఎక్కడికి పోతోందో జరుగుతుండగానే రాసుకోమని, తర్వాత గుర్తు తెచ్చుకుని కాదు. కొన్ని వారాలు రాసి చూడండి. సభ్యులతో గడిపింది ఎంత, పథకాల రిపోర్టులు నింపింది ఎంత అన్నది తేలుతుంది. ఆ రెండో గడి చూసి మీరు హడలిపోతారని నా అనుమానం. ఆండీ గ్రోవ్ ‘హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్’ (1983) హోటల్లో టిఫిన్ తయారీతో మొదలవుతుంది. కోడిగుడ్డు, బ్రెడ్డు, కాఫీ ఒకేసారి వేడిగా బల్ల మీదికి రావాలి. అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టేది గుడ్డు, కాబట్టి పనంతా గుడ్డు చుట్టూ అల్లాలి. ఉడకబెట్టడం, కోత, ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్, ఈ ఐదు దశల్లో మీ గుడ్డు ఏది? చాలా చోట్ల పొట్టు తీసే దగ్గర సరుకు పేరుకుపోయి ఉంటే, యజమానులు కోత యంత్రం కొనడానికి అప్పు దరఖాస్తు పట్టుకుని వచ్చేవారు.

నెమ్మదిగా చదవడం గురించి చింత వద్దు. పైన చెప్పినవాటిలో హిర్ష్‌మన్, మొజాంబిక్ పత్రం, ఆస్ట్రమ్‌లో చెప్పిన అధ్యాయాలు, ఈ మూడూ వచ్చే పంటలోపు అయితే చాలు. మార్చి వచ్చాక ఎలాగూ పుస్తకం ముట్టలేరు. ఖరీదైనవి కొనేముందు జిల్లా కేంద్ర గ్రంథాలయంలోనూ దగ్గర్లోని విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనూ అడగండి.

బోర్డు సభ్యుల సంగతి. వాళ్ల చేతికి పుస్తకం ఇవ్వకండి, మొహమాటానికి తీసుకుని బీరువాలో పెడతారు. అలాన్యా పేజీలు మీరే తెలుగులో రాసి, బోర్డు సమావేశంలో ఎజెండా మొదలవకముందు చదివి వినిపించండి. ఆపైన ఒక్కటే అడగండి, మన కాటా దగ్గర ‘ఈ రోజు వంతు ఎవరిది’ అని. తర్వాతి సమావేశానికి ‘యజ్ఞం’ పంచాయితీ ఘట్టం పెట్టుకోండి. సర్వసభ్య సమావేశంలో వద్దు. అక్కడ మామూలుగా సభ్యుల్లో నాలుగో వంతు మంది ఉంటేనే కోరం, వచ్చినవాళ్లను లెక్కల మీదే కూర్చోబెట్టండి.